బత్తెం ఆగిన రోజు నుంచి: ఈజిప్టు 20వ రాజవంశం కూలిన తీరు

మీరు అడిగింది ఇదీ: సముద్రం మీదుగా దండెత్తి వచ్చినవాళ్లను తరిమికొట్టిన మూడో రామ్‌సెస్ అంతటి రాజు పోయాక, వందేళ్లు కూడా తిరక్కుండా ఆయన వంశం ఎలా కూలిపోయింది? అమున్ దేవుడి పూజారులే రాజ్యాన్ని కాజేశారంటారు, నిజమేనా?

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ప్రాచీన చరిత్ర చెప్పాను. మొదట్లో నేనూ పాఠ్యపుస్తకంలో ఉన్న జవాబే చెప్పేవాణ్ణి: రాజులు బలహీనులు, పూజారులు బలవంతులు, అంతే. తర్వాత ఆ కాలపు పేపిరస్ (రెల్లుతో చేసిన కాగితం) చుట్టల అనువాదాలు ఒక్కొక్కటే చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఆ జవాబు మీద నమ్మకం తగ్గిపోయింది. 20వ వంశం ఏ శత్రువు చేతిలోనూ ఓడి పడిపోలేదు. తన దగ్గర పనిచేసే వాళ్లకు నెలనెలా ఇవ్వాల్సిన ధాన్యం ఇవ్వలేని స్థితికి వచ్చి, అక్కడి నుంచి మెల్లమెల్లగా జారిపోయింది. ఆ జారడాన్ని ఒకే కుటుంబం ఐదు తరాల పాటు పక్కనే ఉండి చూసింది, రాసి పెట్టింది. అందుకే రాజుల వరస పట్టుకుని కాకుండా ఆ కుటుంబాన్ని పట్టుకుని చెబుతాను. మీకు కూడా అలాగే బాగా అర్థమవుతుంది.

తేదీల గురించి ముందే ఒక మాట. ఈ వంశం సుమారుగా క్రీ.పూ. 1186 నుంచి 1069 వరకు ఉంది. పుస్తకాన్ని బట్టి పదేళ్లు అటూ ఇటూ కనిపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. సెత్‌నఖ్త్ అనే రాజుతో మొదలైంది. ఆయన కొడుకు మూడో రామ్‌సెస్. ఆ తర్వాత పదకొండో రామ్‌సెస్ దాకా అందరిదీ అదే పేరు.

నైలు నదికి పడమటి గట్టున, ఇప్పటి లక్సర్‌కు ఎదురుగా, కొండల మధ్య దేర్ ఎల్ మదీనా అనే చిన్న ఊరి శిథిలాలు ఉన్నాయి. రాజుల లోయలో ఫారోల, అంటే ఈజిప్టు రాజుల, సమాధులు తొలిచి, గోడల మీద బొమ్మలు గీసిన పనివాళ్ల ఊరు అది. ప్రహరీ లోపల 68 ఇళ్లు. నడవడానికి మధ్యలో సన్నటి సందు, దానికి రెండు వైపులా గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. చుట్టూ రాయి, ఇసుక తప్ప పచ్చగడ్డి కూడా ఉండదు. తాగే నీళ్లు కూడా కింది నుంచి గాడిదల మీద రావాల్సిందే. నేను వెళ్లిన రోజు ఆ సందులో నిలబడి చుట్టూ చూస్తే ఒక్క విషయం తేటతెల్లంగా అర్థమైంది. ఇక్కడ బతికేవాడు సొంతంగా ఏదీ పండించుకోలేడు. సర్కారు పంపితేనే తింటాడు.

సర్కారు పంపేది బత్తెం. ఒక్కో పనివాడికి నెలకు ఐదున్నర బస్తాలు. అందులో నాలుగు రొట్టెలకు ఎమ్మర్ గోధుమలు, ఒకటిన్నర బీరు కాచుకోవడానికి బార్లీ. వాళ్ల బస్తా పేరు ఖార్, సుమారు 76 లీటర్ల కొలత. మేస్త్రీకి ఏడున్నర బస్తాలు. దీంతో పాటు చేపలు, కూరగాయలు, నూనె, బట్టలు, పొయ్యిలోకి కట్టెలు. అంతా రాసి లెక్క చూసేవాడు సమాధుల లేఖకుడు. మన ఊళ్లలో కరణం ఎలాగో, ఆ ఊరికి ఆయన అలా. అక్కడ కూడా ఆ పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది.

మూడో రామ్‌సెస్ ఏలుబడిలో 16వ ఏట వజీరు, అంటే రాజు తర్వాత అంతటి పెద్ద అధికారి, తో అనే ఆయన అమెన్‌నఖ్త్ అనే మనిషిని ఆ ఊరికి లేఖకుడిగా వేశాడు. మన కథ ఇక్కడ మొదలవుతుంది.

29వ ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, చలికాలం రెండో నెల పదో రోజున పనివాళ్లు పనిముట్లు కింద పడేసి ఊరి కాపలా గోడలు దాటి బయటికి వచ్చేశారు. 'మాకు ఆకలవుతోంది, 18 రోజులు గడిచిపోయాయి' అన్నారు. వెళ్లి మూడో థుట్మోస్ గుడి వెనకాల కూర్చున్నారు. మానవ చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొట్టమొదటి సమ్మె ఇదే. దీన్ని రోజువారీగా రాసింది అమెన్‌నఖ్త్. ఆ పేపిరస్ ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.

మర్నాడు వాళ్లు రెండో రామ్‌సెస్ గుడి దగ్గరికి వెళ్లారు. ఆ మర్నాడు లోపలికే వెళ్లిపోయారు. ఆ గుడి వెనక పచ్చి ఇటుకలతో కట్టిన పొడవాటి ధాన్యం కొట్లు ఇప్పటికీ ఉన్నాయి, కొన్నింటి పైకప్పు కమానులు కూడా నిలిచే ఉన్నాయి. పనివాళ్లు ఎక్కడికి వెళ్లి కూర్చున్నారో గమనించండి. రాజు కోట ముందు కాదు. బత్తెం రావాల్సిన గిడ్డంగుల ముందు. అధికారులు వస్తే వాళ్లు చెప్పిన మాటలు అలాగే రాసి ఉన్నాయి: 'ఆకలికీ దాహానికీ ఓర్వలేక ఇక్కడికి వచ్చాం. బట్టల్లేవు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు. మా మంచి దొర ఫారోకు ఈ సంగతి రాసి పంపండి. మా పైఅధికారి వజీరుకు రాసి పంపండి. మేం బతికే దారి చూపించండి.'

పాత నెల బత్తెం ఇచ్చి పంపించారు. కానీ తర్వాతి నెల మళ్లీ అదే కథ. ఒకసారి మోసే అనే పనివాడు కోపం పట్టలేక ఫారో పేరు మీద ఒట్టేసి, 'నన్ను ఇక్కడి నుంచి లాక్కెళ్తే ఒక సమాధిని దోచే ఏర్పాటు చేసుకున్నాకే ఈ రాత్రి నిద్రపోతా' అన్నాడు. రాజు పేరు మీద అలాంటి ఒట్టు వేసినందుకు వాడికి శిక్ష పడింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

వజీరు తో ఆ నెలల్లోనే దక్షిణాదికి వచ్చాడు. బత్తెం సంగతి చూడటానికి కాదు. రాజు 30 ఏళ్ల పాలన పండుగ దగ్గర పడుతోంది, దాని కోసం దక్షిణాది గుళ్లలోని దేవతా విగ్రహాలను పడవల్లో తీసుకెళ్లడానికి వచ్చాడు. ఊళ్లోకి రాలేదు, కబురు పంపాడు: మీ బత్తెం లాక్కోవడానికా నేను వజీరునయ్యాను? గిడ్డంగుల్లోనే ఏమీ లేదు, దొరికింది ఇస్తాను. చివరికి సగం బత్తెం ఇప్పించాడు. పండుగకు పడవలు కదిలాయి, పనివాడి ఇంటికి పూర్తి బత్తెం రాలేదు. ఈ వంశం గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఈ సంఘటనే.

గిడ్డంగులు ఎందుకు ఖాళీ అయ్యాయి? ఒక్క కారణం చెప్పి ముగించలేం. మూడో రామ్‌సెస్ 5వ ఏట లిబియా తెగలతో, 8వ ఏట సముద్రం మీదుగా దండెత్తిన 'సముద్ర ప్రజల'తో, 11వ ఏట మళ్లీ లిబియన్లతో యుద్ధాలు చేశాడు. మూడూ గెలిచాడు. థీబ్స్ (ఇప్పటి లక్సర్) పడమటి గట్టున తాను కట్టించిన మెదీనెత్ హాబు గుడి గోడల మీద ఆ గెలుపులు ఎంత లోతుగా చెక్కించాడంటే, ఆ గాడిలో చెయ్యి పెడితే వేళ్లు లోపలికి పోతాయి. కానీ ఆ యుద్ధాల కాలంలోనే తూర్పు మధ్యధరా ప్రాంతమంతా తలకిందులైంది. ఇప్పటి టర్కీలోని హిట్టైట్ రాజ్యం మాయమైంది, సిరియా తీరంలోని ఉగారిత్ రేవు కాలి బూడిదైంది. ఈజిప్టు ఎవరితో వ్యాపారం చేసి సంపాదించేదో ఆ దేశాలే లేకుండా పోయాయి. కనాను (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం) మీద పట్టు కూడా మెల్లగా సడలింది. అక్కడి మెగిద్దోలో దొరికిన ఆరో రామ్‌సెస్ విగ్రహపు పీట, సినాయి టర్కాయిస్ రాళ్ల గనుల దగ్గర ఆయన పేరు, అటు వైపు ఈ వంశం వదిలిన చివరి ఆనవాళ్లు దాదాపు అవే.

ఇంకో వైపు దానాలు. మూడో రామ్‌సెస్ గుళ్లకు ఇచ్చినవన్నీ ఆయన పోయినప్పుడు ఒకే చుట్టలో రాయించారు. దాదాపు 41 మీటర్ల పొడవు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక్క అమున్ దేవుడి లెక్కే చూడండి: 86,486 మంది మనుషులు, 4,21,362 పశువులు, 433 తోటలు, 83 ఓడలు, 65 ఊళ్లు. పొలం మన లెక్కలో 5 లక్షల 80 వేల ఎకరాలకు పైనే. ఇదంతా ఆయనొక్కడే కొత్తగా ఇచ్చింది కాదు, పాత ఆస్తిని మళ్లీ ఖాయం చేసింది కూడా కలిసి ఉంది. ఈ లెక్క చూపించే చాలామంది పూజారుల మీద నేరం మోపుతారు. నేను అలా అనను. అప్పట్లో గుడి అంటే సర్కారుకు బయట ఉన్న సంస్థ కాదు. గుడి గిడ్డంగి నుంచే పనివాడి బత్తెం వచ్చేది. ధాన్యం గుడిలో ఉండటం అసలు ఇబ్బంది కాదు. గుడి నుంచి తీసి ఇవ్వాల్సిన చోటికి చేర్చమని ఆజ్ఞాపించే చెయ్యి బలహీనపడటం అసలు ఇబ్బంది.

ఆ చేతిని రాజు ఇంట్లోవాళ్లే నరికారు. తియే అనే రాణి తన కొడుకు పెంతవెరెత్‌కు గద్దె దక్కాలని అంతఃపురంలో కుట్ర పన్నింది. పెబెక్కామెన్ అనే అంతఃపుర అధికారి బయటి వాళ్లకు కబుర్లు మోశాడు. కాపలావాళ్లను కట్టడి చేయడానికి మైనపు బొమ్మలతో చేతబడి కూడా చేశారని విచారణ పత్రాల్లో ఉంది. విచారించాల్సిన న్యాయాధికారుల్లోనే కొందరు నిందితులైన ఆడవాళ్లతో కలిసి విందు చేసుకుని పట్టుబడ్డారు. వాళ్ల ముక్కులూ చెవులూ కోశారు. రాజు ఆ కుట్రలో చనిపోయాడా, బతికి బయటపడ్డాడా అని వందేళ్లకు పైగా వాదనలు సాగాయి. 2012లో ఆయన మమ్మీకి సీటీ స్కాన్ ఫలితాలు బయటికొచ్చాయి. గొంతు ఎముక దాకా తెగి ఉంది. ఆ గాయంలో హోరస్ కన్ను తాయెత్తు పెట్టి గుడ్డ చుట్టారు.

గద్దె మాత్రం పెంతవెరెత్‌కు దక్కలేదు. నాలుగో రామ్‌సెస్ వచ్చాడు. ఆయన సమాధుల ఊరి పనివాళ్ల సంఖ్యను 120కి పెంచాడు. ఉన్న అరవై మందికే బత్తెం సరిగ్గా అందని రోజుల్లో అది ధైర్యమో, తొందరపాటో చెప్పలేను. 3వ ఏట శిల్పాలకు రాయి తేవడానికి వాదీ హమ్మామాత్ ఎడారి లోయకు 8,368 మందిని పంపాడు. అక్కడి శాసనమే చెబుతోంది, చనిపోయిన 900 మంది ఈ లెక్కలో లేరని. ఆ ప్రయాణానికి సంబంధించి గీసిన పటం ఒకటి ట్యూరిన్‌లో ఉంది. కొండలు, దారులు, బావి, బంగారం దొరికే చోటు, అన్నీ రంగుల్లో వేరువేరుగా చూపించిన పటం. ప్రపంచంలో మిగిలిన భూగర్భ పటాల్లో అన్నింటికన్నా పాతది అదే. దాన్ని గీసింది మన అమెన్‌నఖ్తేనని పరిశోధకులు నమ్ముతున్నారు.

ఆ తర్వాతి రాజుల్లో ఎక్కువ మంది నిలదొక్కుకునేలోపే పోయారు. నాలుగో రామ్‌సెస్ ఆరేళ్లు, ఐదో రామ్‌సెస్ నాలుగేళ్లు, ఆరో రామ్‌సెస్ ఎనిమిదేళ్లు, ఏడో రామ్‌సెస్ ఏడేళ్లు. ఎనిమిదో ఆయనది ఏడాది మాటే, ఆయన సమాధి ఇప్పటికీ దొరకలేదు. ఐదో రామ్‌సెస్ మమ్మీ ముఖం మీద మశూచి లాంటి పొక్కులున్నాయి. ఆయన సమాధిని ఆరో రామ్‌సెస్ తన కోసం పెద్దది చేయించుకున్నాడు. ఆ పని చేసినవాళ్లు తమ గుడిసెలు కట్టుకున్నది టుటన్‌ఖామున్ సమాధి గుమ్మం మీదే. ఆ మట్టి కిందే ఉండబట్టి అది 1922 దాకా దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది.

ఈ రాజులు మారుతున్న కాలంలో ధాన్యం ఏమైందో ఎలిఫెంటైన్ కేసు చూపిస్తుంది. దక్షిణాన ఎలిఫెంటైన్ ద్వీపంలో ఖ్నూమ్ దేవుడి గుడికి ఉత్తరాది పొలాల నుంచి ఏటా 700 బస్తాలు పడవలో రావాలి. ఖ్నూమ్‌నఖ్త్ అనే పడవ సరంగు, గుడి లేఖకులతో కుమ్మక్కై, నాలుగో రామ్‌సెస్ కాలం నుంచి ఐదో రామ్‌సెస్ కాలం దాకా దాదాపు తొమ్మిదేళ్లు కాజేస్తూ వచ్చాడు. మొత్తం 5,000 బస్తాలకు పైగా. నేరం ఒక సరంగుది. కానీ ఏటా రావాల్సింది రాకపోయినా తొమ్మిదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు చూడండి, అదీ భయం కలిగించే సంగతి.

ధరలు ఎక్కాయి. అంతకుముందు ఒక బస్తా ఎమ్మర్ ఒకటి రెండు దెబెన్ల రాగికి వచ్చేది. దెబెన్ అంటే సుమారు 91 గ్రాముల తూకం. వంశం నడిమధ్య కాలానికి అదే బస్తా నాలుగు దెబెన్లు, ఒక్కోసారి ఎనిమిది దాకా పోయింది. నైలు వరదలు తగ్గడం కూడా ఇందుకు కారణమని చాలామంది పరిశోధకులు అంటారు. మిగతా సరుకుల ధరలు ఇంతగా పెరగలేదు. పెట్టెలూ మంచాలూ చేసి అమ్ముకునే పనివాడికి అవే పెట్టెలకు పాత గింజల్లో పావు వంతు వచ్చిందన్నమాట. పైగా తొమ్మిదో రామ్‌సెస్ కాలంలో పని దినచర్యలో తరచుగా ఒక మాట కనిపిస్తుంది: ఎడారి మనుషుల వల్ల ఈ రోజు పని లేదు. మూడో రామ్‌సెస్ ఓడించి గోడల మీద చెక్కించిన లిబియన్ల గుంపులే ఇప్పుడు థీబ్స్ అంచుల్లో తిరుగుతున్నాయి.

ఇక మోసే ఒట్టు దగ్గరికి వద్దాం. తొమ్మిదో రామ్‌సెస్ 16వ ఏట, క్రీ.పూ. 1110 ప్రాంతంలో, థీబ్స్ తూర్పు గట్టు మేయర్ పసెర్, రాజుల సమాధులు దోపిడీ అవుతున్నాయని ఫిర్యాదు చేశాడు. పడమటి గట్టు మేయర్ పవెరా అధికారంలో ఉన్న ప్రాంతం అది. కమిటీ వేశారు. పది రాజ సమాధులు చూసి, ఒక్కటే దోపిడీ అయిందని తేల్చారు. అది అప్పటికి ఐదు వందల ఏళ్ల నాటి రాజు సొబెకెమ్‌సాఫ్‌ది. దొరికినవాళ్లలో అమున్‌పనుఫెర్ అనే రాతి పనివాడి వాంగ్మూలం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

రాగి పనిముట్లతో తొలుచుకుంటూ లోపలికి వెళ్లాం, దివిటీలు పట్టుకుని కిందికి దిగాం అంటాడు. రాజు మెడ నిండా బంగారు తాయెత్తులు, ముఖానికి బంగారు తొడుగు, పక్కన కత్తి. రాణి శవం మీదున్నవి కూడా ఒలుచుకున్నారు. పెట్టెలకు నిప్పు పెట్టారు. మొత్తం 160 దెబెన్ల బంగారం, అంటే పద్నాలుగున్నర కిలోలు. ఎనిమిది మంది తలా ఇరవై దెబెన్లు పంచుకున్నారు. ఇక్కడితో ఆగలేదు. కొన్నాళ్లకు ఊరి అధికారులు ఇతన్ని పట్టుకున్నారు. తన వాటా ఇరవై దెబెన్లు రేవు లేఖకుడికి ముట్టజెప్పి బయటపడ్డాడు. తోటివాళ్ల దగ్గరికి వెళితే వాళ్లు మళ్లీ పంచి అతని వాటా పూడ్చారు. తర్వాత ఇంకా దోచుకుంటూనే ఉన్నామని తానే చెప్పాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ రేవు లేఖకుడు పట్టిన దొంగను కూడా వదిలేశాడు.

ఈ పేపిరస్ రెండు ముక్కలైంది. కింది సగం న్యూయార్క్‌లో ఉంది. పై సగం 1935లో బ్రస్సెల్స్ మ్యూజియంలో ఒక కొయ్య బొమ్మ కడుపులో చుట్టి పెట్టి దొరికింది. రెండూ పక్కపక్కన పెడితే అక్షరాలు సరిగ్గా అతికాయి.

దొంగలందరూ సమాధుల ఊరివాళ్లు కాదు. కానీ ఆ ఊరివాళ్లు కూడా కొందరు దొరికారు. వాళ్లను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ కొన్నేళ్ల తర్వాతి విచారణలో ఒక ఆడమనిషి చెప్పిన జవాబు మరిచిపోలేను. ఈ వెండి ఎక్కడిదని అడిగారు. 'హైనాల ఏడాదిలో, కరువొచ్చినప్పుడు, బార్లీ ఇచ్చి తెచ్చుకున్నా' అంది. ఆ ఏడాదికి జనం పెట్టుకున్న పేరు అది. దొంగ సొత్తు వెండి ఊళ్లో గింజల కోసం చేతులు మారుతోంది.

ఇప్పుడు పూజారుల సంగతి. తొమ్మిదో రామ్‌సెస్ కాలంలో అమున్ ప్రధాన పూజారి అమెన్‌హోతెప్ థీబ్స్‌లోని అమున్ పెద్ద గుడి కర్ణాక్ గోడ మీద తన బొమ్మను రాజు బొమ్మంత ఎత్తున చెక్కించుకున్నాడు. ఈజిప్టులో అంతకుముందు రాజు ముందు ఎవడైనా చిన్నగానే ఉండేవాడు. ఆ పదవి ఆయనకు తండ్రి రామ్‌సెస్‌నఖ్త్ నుంచే వచ్చింది. పూజారులు గద్దెను మింగేశారనే వాదనకు ఈ బొమ్మే పెద్ద ఆధారం. కానీ ఆ తర్వాత ఏమైందో చూడాలి కదా. పదకొండో రామ్‌సెస్ కాలంలో ఇదే అమెన్‌హోతెప్‌ను తొమ్మిది నెలల పాటు పదవి నుంచి తోసేశారు. తనను తాను కాపాడుకోలేకపోయాడు. ఆయనంత ఎత్తున బొమ్మ వేయించుకోగలిగాడంటే రాజు దూరంగా ఉత్తరాన, నైలు సముద్రంలో కలిసే డెల్టాలో ఉండిపోయాడని అర్థం. పూజారి దగ్గర సైన్యం ఉందని అర్థం కాదు.

సైన్యం ఉన్నవాడు వేరు. ఈజిప్టుకు దక్షిణాన దాని ఏలుబడిలో ఉన్న నుబియా పాలకుడు పనెహ్సీ తన దళాలతో థీబ్స్‌కు వచ్చి కూర్చున్నాడు. రాజు పిలిస్తేనే వచ్చి ఉంటాడని ఎక్కువ మంది భావిస్తారు. వచ్చిన మనిషి గిడ్డంగుల అధికారి బిరుదు కూడా తీసుకున్నాడు. ఎందుకో చెప్పక్కర్లేదు, సైనికులకు బత్తెం కావాలి.

ఇక్కడ అమెన్‌నఖ్త్ మునిమనవడు ధుత్మోస్ కనిపిస్తాడు. ఇతనూ సమాధుల లేఖకుడే. పదకొండో రామ్‌సెస్ 12వ ఏట పనెహ్సీ ఆజ్ఞ మీద ఇద్దరు ద్వారపాలకులను వెంటేసుకుని పడవల్లో ఎస్నా వైపు వెళ్లి, ఊరూరా ధాన్యం పోగు చేశాడు. ఎవరి దగ్గర ఎన్ని బస్తాలు, దారిలో ఎంత ఖర్చు, గిడ్డంగిలో ఎంత అప్పజెప్పాడు, అంతా రాశాడు. అప్పజెప్పింది ఎవరికో తెలుసా? ఆ పాత పడమటి మేయర్ పవెరాకే. ముత్తాత కాలంలో వజీరు ఆజ్ఞ వేస్తే గింజలు సగమైనా, ఆలస్యంగానైనా వాటంతటవే ఊరికి వచ్చేవి. మునిమనవడు తానే పడవెక్కి గింజలు ఏరుకు రావాల్సి వచ్చింది. ఆ రోజులకు వాళ్ల ఊరు కూడా ఖాళీ అయింది. భయంతో అందరూ మెదీనెత్ హాబు గుడి ప్రహరీ లోపలికి మారిపోయారు.

పనెహ్సీ తర్వాత రాజుకే ఎదురు తిరిగాడు. అతని సైన్యం ఉత్తరంగా హర్దాయి పట్టణం దాకా పోయి దాన్ని నాశనం చేసింది. చివరికి అతన్ని నుబియాకు తరిమారు. కానీ దాంతో నుబియా, అక్కడి బంగారం, రెండూ ఈజిప్టు చేతిలోంచి పోయాయి. పదకొండో రామ్‌సెస్ 19వ ఏట 'పునర్జన్మ' అనే పేరుతో కొత్త శకం మొదలుపెట్టి ఏళ్లను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టారు. రాజు మాత్రం పాతవాడే. దక్షిణాదిలో హెరిహోర్ సైన్యాధిపతి, వజీరు, ప్రధాన పూజారి, అన్నీ తానే అయ్యాడు. కర్ణాక్‌లోని ఖొన్సు గుడిలో తన పేరును రాజుల పేర్ల లాగా వలయంలో రాయించుకున్నాడు. చూడటానికి ఇది పూజారి గద్దెక్కినట్టే ఉంటుంది. నిజానికి సైనికుడు పూజారి బట్టలు వేసుకున్నాడు. పూజారులు రాజ్యాన్ని కాజేశారా అని మీరు అడిగిన దానికి నా జవాబు ఇదే.

మరో సైన్యాధిపతి పియాంఖ్ రాసిన ఉత్తరం ఒకటి బెర్లిన్‌లో ఉంది. నుబియా దండయాత్ర నుంచి ధుత్మోస్‌కు రాశాడు. ఇద్దరు పోలీసులు ఏదో వాగారట. నిజమని తేలితే వాళ్లను బుట్టల్లో పెట్టి రాత్రిపూట నీళ్లలో పడేయండి, ఎవరికీ తెలియనివ్వకండి అని ఆజ్ఞ. దాని వెంటనే ఇలా ఉంది: ఫారో సంగతా, ఆయన ఈ గడ్డకు ఎలా వస్తాడు? ఇంతకీ ఆయన ఎవరికి దొర? రాజు బతికి ఉండగానే, రాజు సేనాని, సర్కారు లేఖకుడికి రాసిన మాటలు ఇవి. ఇరవై ఏళ్లుగా క్లాసులో ఈ వాక్యం చదివి ఒక నిమిషం ఆగేవాణ్ణి. పిల్లలు కూడా నిశ్శబ్దం అయిపోయేవాళ్లు.

ఆ కాలంలో బయటి దేశాల్లో ఈజిప్టు పరువు ఎంతో వెనమున్ కథ చెబుతుంది. అమున్ పడవకు దేవదారు కలప తేవడానికి ఇప్పటి లెబనాన్ తీరంలోని బిబ్లోస్ వెళ్లిన మనిషి అతను. దారిలో డోర్ రేవులో సొంత ఓడలోని వాడే అతని బంగారం, వెండి ఎత్తుకుపోయాడు. బిబ్లోస్ రాజు 29 రోజుల పాటు రోజూ 'నా రేవు వదిలి వెళ్లిపో' అని కబురు పెట్టాడు. చివరికి డెల్టాలోని తానిస్ నుంచి ఉత్తరాదిని నడుపుతున్న స్మెందెస్ సరుకు పంపితే గానీ చెట్లు నరకలేదు. ఇది జరిగిందా, కల్పించారా అని వాదన ఉంది. అయినా అందులో ఫారో ఊసు దాదాపు లేకపోవడం నిజమైన సాక్ష్యమే.

ఆ స్మెందెసే పదకొండో రామ్‌సెస్ పోయాక 21వ వంశం మొదలుపెట్టాడు. నైలు పాయలో మట్టి మేట వేయడంతో డెల్టాలో ఈ రాజుల రాజధాని పి-రామ్‌సెస్ నీళ్లు లేక పాడుబడింది, అక్కడి రాళ్లూ విగ్రహాలూ తానిస్‌కు తరలిపోయాయి. దక్షిణాది థీబ్స్ ప్రధాన పూజారుల చేతిలోనే ఉండిపోయింది. రాజుల లోయలో పదకొండో రామ్‌సెస్ కోసం తొలిచిన సమాధి సగంలో ఆగింది, ఆయన్ని అందులో పెట్టలేదు.

పియాంఖ్ నుంచి వచ్చిన ఇంకో ఆజ్ఞ కూడా చెప్పాలి. పాత సమాధుల్లో ఒకటి వెతికి బయటపెట్టండి, నేను వచ్చేదాకా దాని ముద్ర పగలకుండా చూడండి అన్నాడు. దొంగలకు శిక్షలు వేసిన సర్కారే ఇప్పుడు సమాధుల బంగారం వెతుకుతోంది. కంచే చేను మేయడం మొదలైంది. ఆ పని పడింది ధుత్మోస్ కొడుకు బుతెహామున్ మీద. అప్పటికి తండ్రి ముసలివాడై, జబ్బు పడి, నుబియాలో దండు వెంట తిరుగుతున్నాడు. తనను క్షేమంగా ఇంటికి చేర్చమని అమున్‌కు మొక్కుకోండని కొడుక్కి ఉత్తరాలు రాస్తున్నాడు. బుతెహామున్ థీబ్స్ కొండలన్నీ తిరిగాడు. అతని పేరు ఆ రాళ్ల మీద ఎన్నో చోట్ల ఇంకా కనిపిస్తుంది.

అలా తెరిచిన సమాధుల్లోంచి పాత రాజుల శరీరాలను బయటికి తీసి, ఒంటి మీది బంగారం తీసేసి, కొత్త గుడ్డ చుట్టి, మామూలు కొయ్య పెట్టెల్లో సర్దారు. చాలాసార్లు తిప్పి తిప్పి చివరికి దేర్ ఎల్ బహారీ దగ్గర ఒక లోతైన సమాధిలో దాచారు. రెండో రామ్‌సెస్, మొదటి సేతి, మూడో థుట్మోస్, అందరూ 1881లో అక్కడే దొరికారు. మూడో రామ్‌సెస్ కూడా అక్కడే దొరికాడు. ఆయన మమ్మీ గుడ్డ మీద సిరాతో ఒక రాత ఉంది. 13వ ఏట, ప్రధాన పూజారి పినుద్జెమ్ ఆజ్ఞతో, ఈ రాజును మళ్లీ చనిపోయినవాళ్ల దేవుడు ఒసిరిస్‌లా సిద్ధం చేశారని. ఆ పని అప్పగించిన ఇద్దరు లేఖకుల పేర్లు కూడా రాశారు. అందులో ఒకరు బుతెహామున్. బత్తెం ఆపేసిన ఆ రాజుకు, ఆ రోజు సమ్మె రాసిపెట్టిన అమెన్‌నఖ్త్ మునిమనవడి కొడుకు గుడ్డ చుట్టాడు.

మెదీనెత్ హాబు వెళితే యుద్ధం బొమ్మలు చూసి తిరిగి రాకండి. గుడి దాటి పడమటి వైపు నడవండి. బుతెహామున్ ఇంటి స్తంభాలు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి.